కొమ్ముకు రంగు వేయబోయి



ఆగస్టు 29 దగ్గర పడుతోంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మన పర్లాకిమిడి. తెలుగు భాషా దినోత్సవం మనకి ఇంటి పండగ లాంటిది. ఈసారి జ్ఞాపికల మాట ఎత్తేముందు, పోయినేడు మేము చేసిన పొరపాటు ఒప్పుకోవాలి.

ప్లాస్టిక్ షీల్డులు మానేసి మన ఊరి కొమ్ము బొమ్మలే ఇద్దామని, 20 కొంగలు చేయించాం. తీరా చేతికొచ్చాక మాకే ఆనలేదు. నల్లగా ఉన్నాయి, ఫొటోల్లో తేలవు అనుకున్నాం. "రంగులు వేసివ్వండి తాతగారూ" అని అడిగాం.

"దున్న కొమ్ము నల్లనిది బాబూ, దానికి రంగు పండదు. కావాలంటే ఆవు కొమ్ములో తెల్లటి ముక్క ఏరి, రంగునీళ్లలో ఉడకబెట్టాలి. గోటికి గోరింటాకు పట్టినట్టు అది కొమ్ముకి పట్టాలి. పైపైన పూస్తే నిలవదు" అన్నారాయన.

మేము వినలేదు. ఎనామిల్ డబ్బాలు తెచ్చి మా కుర్రాళ్లతోనే వేయించాం. సభలో చప్పట్లు బాగానే పడ్డాయి. సంక్రాంతి నాటికి రంగు పెచ్చులూడింది. బరంపురం నుంచి వచ్చిన అతిథి ఒకరు ఫోన్ చేసి, "మీ ఊరి పని ఇంతేనా?" అన్నారు.

దొరికినవి 12 పోగుచేసి తాతగారి ముందు పెట్టాం. ఆయన తిట్టలేదు. "రంగు మీరే వేసినా, పేరు పోయింది మాది" అన్నారంతే.

ఆ రోజంతా అక్కడే కూర్చున్నాం. ఈ ఊళ్లో పుట్టి పెరిగి, ఆ పని దగ్గరుండి చూడటం మాలో చాలామందికి అదే మొదలు. కొమ్ము కోసి, నూనె రాసి, నిప్పు సెగన పెడితే వెంట్రుకలు కాలిన వాసన. మెత్తబడగానే వంచి, చల్లారేదాకా కదలనివ్వరు. తరవాత ఆకురాయి, ఆపైన బొగ్గుపొడీ గుడ్డా పట్టి గంటల తరబడి రుద్దుతారు. మా పెయింటు గీకుతుంటే రెండు కొంగల ముక్కులు విరిగాయి. మిగిలిన 10 మళ్లీ నిగనిగలాడాయి. వెలుతురుకి పట్టి చూస్తే, ఒకదాని మెడలో తేనెరంగు చార! ఆ చార మీదే మేము పసుపు పెయింటు పూశాం.

జనం మాట్లాడే భాషకే విలువ ఉందని పోరాడిన మనిషి పేరున సభ పెట్టి, ఉన్నదాన్ని కప్పేసి చేతిలో పెట్టాం.

ఆయన కొడుకులిద్దరూ వేరే పనుల్లో ఉన్నారు. బాగుచేసినందుకు డబ్బు వద్దన్నారు, మేమే బలవంతాన కూలి ఇచ్చాం.

ఈ ఏడూ కొంగలే ఇద్దాం, రంగులు లేకుండా. ఆర్డరు ఈ నెలలోనే ఇచ్చి, బేరమాడకుండా సగం ముందే చెల్లించాలని మా మనవి. ప్రతి బొమ్మతో ఒక చీటీ పెడదాం: ఎండలో ఉంచకండి, అప్పుడప్పుడు ఒక చుక్క కొబ్బరినూనెతో తుడవండి.

అభ్యంతరం ఉన్నవాళ్లు ఆదివారం సమావేశానికి రండి. వచ్చే దారిలో ఒకసారి తాతగారి అరుగు మీద కూర్చుని రండి.