బొందలగడ్డల ముత్తాత దొరుకుతడా?

అమెరికా నుంచి వచ్చే పిల్లలకు ఈ నడుమ వంశవృక్షం పిచ్చి పట్టుకున్నది. అక్కడ చర్చి పక్కకు పోతే రాయి మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు చెక్కి ఉంటయట. ఆ లెక్కనే మనుమని వరుసయ్యే పిల్లగాడొకడు ‘తాతా, మన బొందలగడ్డ ఎటు?’ అనుకుంట బయలెల్లిండు. తుమ్మచెట్లు, సర్కారు కట్టిచ్చిన వైకుంఠధామం తప్ప ఏమున్నదక్కడ? కాల్చినోళ్ల బూడిద ధర్మపురిలనో కాళేశ్వరంలనో గోదారిల కలిపితిమి. పూడ్చినోళ్లది మట్టికుప్ప, నాలుగు వానలకు సదునైతది. లింగాయతులు కూసుండబెట్టి సమాధి కడతరు గనుక వాళ్లకు ఆనవాలన్న మిగులుతది.

పెత్రమాస నాడు బియ్యం ఇయ్యవోతే అయ్యగారు అడిగేది మూడు తరాలే. ముత్తాత పేరు దగ్గర మీరు కూడా పక్కకు చూస్తరు, కాదనకుండ్రి!

ఆపైన కాగితం పట్టాలె. 1954-55 ఖాస్రా పహాణీని మించిన పురాణం మాకు లేదు. సర్వే నంబరుకెదురుగ పట్టాదారు, ఆయన తండ్రి: ఒక్క వరుసల రెండు తరాలు. నిజాం కాలపు కాగితాలు చాలామట్టుకు ఉర్దూల ఉంటయి, చదివే పెద్దమనిషికి చాయ్ తాపాలె. గుంట భూమి లేనోని తాత మాత్రం ఎంత తిరగేసినా అండ్ల కనవడడు.

కాగితం లేని వంశాలకు నోరే దస్త్రం. పద్మశాలీలకు కూనపులోళ్లు పటం విప్పి కులపురాణం చెప్తరు. ఆదిలాబాద్ గోండులకు ప్రధాన్లు కీక్రి వాయించుకుంట వంశకథ పాడుతరు. కేస్లాపూర్ నాగోబా జాతరలనైతే మెస్రం వంశపు కొత్త కోడండ్లను దేవునికి, పెద్దలకు చూపిస్తరు. నన్నడిగితే ఏ దఫ్తరుకన్నా అది గట్టి నమోదు.

చిత్రమేందంటే, ఆ అడవుల అందరూ ఎరిగిన సమాధి ఒక పరదేశి ఆమెది. గోండులు నిజాం సర్కారు మీద తిరగబడ్డ 1940 జోడేఘాట్ పోరు తర్వాత వాళ్ల బతుకు తెలుసుకురమ్మని ఆ సర్కారే పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ భార్య, బెట్టీ. 1987ల పోతే మార్లవాయిల పెట్టిండ్రు. 1995ల పోయిన ఆయన అస్థికలు 2012ల ఆమె పక్కకే చేరినయ్.

మన ముత్తవ్వల సంగతి? పట్టాదారు కాలంల వాళ్ల పేర్లు దొరుకుడు అరుదు. అయితే ఊళ్లె కోడలిని పుట్టినూరి పేరుతోనే పిలుస్తరు గదా, జమ్మికుంటామె, మంథనామె అని. అందుకే ఆ పిల్లగానికి చెప్పిన: బొందలగడ్డ ఇడిసిపెట్టు బిడ్డా, ఎనభై ఏండ్ల అవ్వ దగ్గర కూసో, ముత్తవ్వ ఏ ఊరి ఆడిబిడ్డనో అడుగు. ఊరు తెలిస్తే ఆ ఊరి పహాణీల ఆమె తండ్రిని ఎతుకుదాం.