ఏరు అంటే నీళ్లు

బాలలూ! భద్రాచలం వెళ్లినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. కొందరు పర్ణశాల కూడా చూసి ఉంటారు. ఆ పర్ణశాల దుమ్ముగూడెం మండలంలోనే ఉంది. 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. యాత్రికులు గోదావరి ఒడ్డునే తిరిగి వెళ్లిపోతారు. ఒడ్డు విడిచి అడవివైపు నడిస్తే కోయవారి గూడేలు వస్తాయి. అటువంటి ఒక గూడేనికి నేను చైత్రమాసంలో వెళ్లాను.

తెల్లవారేసరికి ఇళ్లన్నీ ఖాళీ! పిల్లా పెద్దా అందరూ ఇప్పచెట్ల కిందనే ఉన్నారు. ఇప్పపూవు రాత్రిపూట విచ్చుతుంది. గబ్బిలాలు దాని తీపికి వచ్చి, పుప్పొడిని చెట్టునుంచి చెట్టుకు చేరుస్తాయి. తెల్లవారుజామున దళసరి రేకులు టపటపా రాలుతాయి. చెట్టెక్కి కోసే పని లేదు. రాలినవే బుట్టల్లోకి ఎత్తుకుంటారు. ఎండబెడితే అవి కిస్‌మిస్ పళ్లలా ముడుచుకుంటాయి. మనవాళ్లు ఇప్పసారా మాటే చెప్పుకుంటారు గాని, ఆ పూవును ఉడికించి తింటారు కూడా. గింజల నుంచి నూనె తీస్తారు. నేను ఒక పూవు నోట్లో వేసుకున్నాను. తేనెలాగే ఉంది, వాసన మాత్రం కొంచెం ఘాటు!

పొద్దెక్కేసరికి నాకు దాహం వేసింది. నా ముఖం చూసి ఒక ముసలమ్మ, "కూర్చోండి సారూ" అని, మనుమరాలితో కోయభాషలో ఏదో చెప్పింది. అందులో 'ఏరు' అన్న మాట ఒక్కటే నాకు అందింది. పూలు ఏరమంటున్నది కాబోలు అనుకున్నాను. ఆ పిల్ల పరుగున పోయి సొరబుర్రతో నీళ్లు తెచ్చింది!

బుర్ర చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒకటో తరగతి కోయపిల్లవాడు పాఠం మధ్య లేచి, "ఏరు, ఏరు" అన్నాడు. పాఠం మానుకుని ఏటికి పోతానంటున్నాడని గద్దించి కూర్చోబెట్టాను. మర్నాడు వాడు బడికి రాలేదు. ఆ తరువాతా రాలేదు.

కోయభాష మన తెలుగుకు చుట్టమే. గోండీకి మరీ దగ్గర. మన చేయి వారికి 'కయ్యి'. తమిళులూ, కన్నడిగులూ 'కై' అంటారు కదా! దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల పిల్లలకూ ఈ చిక్కే ఉండేది. ఇంట్లో కెచువా భాష, బడిలో స్పానిష్. పెరూ దేశం 1975లో కెచువాను అధికార భాషగా ఒప్పుకున్నది.

సాయంత్రం బయలుదేరేముందు నేనే ఆ పిల్లను పిలిచి, "ఏరు" అన్నాను. పకపకా నవ్వి, మళ్లీ బుర్ర నింపుకొచ్చింది.