అక్షరం బాసరలో... చూపు ముధోల్‌లో!

గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టగానే పలకరించే ఊళ్లలో బాసర ఒకటి. పసివాళ్లు తొలి అక్షరం దిద్దే చదువులతల్లి కోవెల అక్కడుంది. గుడి చూసుకుని భైంసా దారిలో కాస్త ముందుకెళితే ముధోల్ వస్తుంది. మసకబారిన కళ్లు మళ్లీ అక్షరాన్ని గుర్తుపట్టేది ఈ ఊళ్లోనే!

పలకా బలపంతో ప్రయాణం

నిజామాబాద్ దాటాక రైల్లో ఎవరి చేతిలో చూసినా ఓ కొత్త పలక కనిపిస్తుంది. కొత్త బట్టల్లో బిక్కమొహం వేసుకున్న పిల్లలు, బియ్యంలో వేలు పట్టి రాయించే పూజారులు, కొంగుతో కళ్లు తుడిచే అమ్మమ్మలు... బాసరలో రోజూ ఇదే సందడి. వసంత పంచమి వస్తే ఇక క్యూలైన్లలో ఇసుక వేస్తే రాలదు. వ్యాసుడు గోదావరి ఇసుకతో అమ్మవారి మూర్తిని చేశాడనీ, వ్యాసపురే బాసరగా మారిందనీ స్థలపురాణం. అమ్మవారికి అద్దిన పసుపునే భక్తులు ప్రసాదంగా కళ్లకద్దుకుంటారు.

ఊళ్లో మరో చదువుల గుడి కూడా ఉంది. అదే 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ. పదో తరగతి మార్కులతో సీటొస్తే, ఆరేళ్లు అక్కడే ఉండి ఇంటర్, ఇంజినీరింగ్ రెండూ పూర్తిచేసుకోవచ్చు. సర్కారు బడుల్లో చదివిన పల్లె పిల్లలెందరికో ఇంజినీరింగ్ చదువు అలా చేరువైంది. చదువు దగ్గరికొస్తే ఏం జరుగుతుందో ఈ క్యాంపస్ చెబుతుంది. వైద్యం దగ్గరికొస్తే ఏమవుతుందో తెలియాలంటే ముధోల్ వెళ్లాలి.

‘వయసైపోయింది... ఇంతేలే!’

దారికి రెండువైపులా పత్తి, సోయా చేలు. మాటల్లో తెలుగూ మరాఠీ కలగలిసిపోతాయి. కంటి శుక్లాన్ని ఇక్కడ మోతిబిందు అంటారు. పెద్ద ఆసుపత్రులన్నీ దాదాపు రెండొందల కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో అది వచ్చిందంటే చూపు మీద ఆశ వదులుకోవడమే. బస్సులు మారాలి, కొడుకో కూతురో కూలి మానుకుని తోడు రావాలి, ఊరుకాని ఊళ్లో తిండీ బసా చూసుకోవాలి. ఇంత ఖర్చెందుకని ‘వయసైపోయింది, ఇంతేలే’ అనుకుని ముసలివాళ్లు గోడలు తడుముకుంటూ ఉండిపోయేవారు. ఆపరేషన్ చూస్తే పావుగంట, ఇరవై నిమిషాల పని. అడ్డమల్లా దూరమే!

ఆ దూరాన్ని తగ్గించే ప్రయత్నం 1996లో జరిగింది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ప్రారంభించిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, తన తొలి గ్రామీణ కేంద్రాన్ని ముధోల్‌లో తెరిచింది. సినీ దర్శకుడు ఎల్వీ ప్రసాద్ హైదరాబాద్ సంస్థ కోసం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. ఆయన పేరు అలా మారుమూల పల్లెదాకా వచ్చింది.

అదే ఏడాది మొదలై 2000 వరకూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించి ఓ పెద్ద అధ్యయనం చేశారు. ఆదిలాబాద్ జిల్లా పల్లెలూ అందులో ఉన్నాయి. నూటికి దాదాపు ఇద్దరికి చూపు లేదనీ, వాళ్లలో సగానికి పైగా శుక్లం వల్లో, సరైన కళ్లద్దాలు లేకో ఆ స్థితికి వచ్చారనీ తేలింది. అంటే, తిరిగి తెప్పించుకోగల చూపన్నమాట!

ఊరి పిల్లే పరీక్షిస్తుంది

ఈ ఏర్పాటు పిరమిడ్‌లా ఉంటుంది. అట్టడుగున సుమారు యాభైవేల జనాభాకో విజన్ సెంటర్. ఏడాది పాటు శిక్షణ పొందిన స్థానిక యువతో యువకుడో అక్కడ కళ్లు పరీక్షించి అద్దాలు రాసిస్తారు. చత్వారమైతే అక్కడే తీరిపోతుంది. ఆపరేషన్ కావాలంటే ముధోల్ లాంటి కేంద్రానికి, ఇంకా పెద్ద సమస్యయితే నగరానికి పంపుతారు. పేదలకు వైద్యం ఉచితం.

ఆసుపత్రి దగ్గర్లో ఉంటే ఆపరేషన్ సులువవడం ఒక్కటే లాభం కాదు. అంతకన్నా ముఖ్యం సకాలంలో పరీక్ష. శుక్లం ఆలస్యమైనా తీయించుకోవచ్చు. నీటికాసులు అలా కాదు. నొప్పీ చప్పుడూ లేకుండా చూపును కొరుక్కుతింటాయి. పోయిన చూపు మళ్లీ రాదు. మధుమేహం ఉన్నవాళ్ల రెటీనా సంగతీ అంతే. ఏటా చూపించుకోవాలంటే ఆసుపత్రి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరంలోనే ఉండాలి.

ఇలా వెళ్లాలి

సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా నాందేడ్ వైపు వెళ్లే చాలా రైళ్లు బాసరలో ఆగుతాయి. రోడ్డు మార్గంలో నిజామాబాద్ నుంచి సుమారు 35 కిలోమీటర్లు. అక్కడి నుంచి భైంసా బస్సెక్కితే ముధోల్ దారిలోనే వస్తుంది. ఆసుపత్రి పని వేళలు ముందుగా ఫోన్‌లో కనుక్కోవడం మంచిది. పాత చీటీలు, వాడుతున్న మందులు వెంట ఉంచుకోవాలి. మనవడి అక్షరాభ్యాసానికి బయల్దేరేవాళ్లు తాతనూ తీసుకెళ్లొచ్చు. వాడు రాసిన తొలి అక్షరం ఆయనకూ కనపడాలి కదా!