ఇడుపు కాయితం

"ఇడుపు కాయితం చేతికచ్చిందా బిడ్డా?"

రెండేళ్ల కిందట కోర్టు నుంచి నేరుగా వేములవాడ వెళ్లిన రోజున మా అవ్వ అడిగిన మొదటి మాట ఇది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. బీడీ చుట్టే చేతులు ఆగలేదు. నా సంచిలో ఉన్న కాగితం నిండా ఇంగ్లీషే. ఆ ఏడాదంతా స్నేహితులతో 'డైవర్స్' అన్నాను, యూనివర్సిటీలో 'సెపరేషన్' అన్నాను. తెలుగులో చెప్పాల్సి వస్తే మాట మార్చేదాన్ని. అవ్వ మాత్రం రేషన్ కార్డు వచ్చిందా అన్నంత మామూలుగా అడిగింది.

ఆ మాట నాకు కొత్తది కాదు. తెలంగాణ కథల్లో స్త్రీల భాష మీద పరిశోధన చేసినదాన్ని. నా సిద్ధాంతగ్రంథం చివర ఇచ్చిన పదాల పట్టికలో 'ఇడుపు కాయితం: విడాకులు (గ్రామ్యం)' అని ఉంది. బ్రాకెట్లో ఆ ముక్క ఎందుకు పెట్టానో అప్పుడు ఆలోచించలేదు. 'అవ్వ అంటే అమ్మమ్మ కదా, అమ్మనట్లా పిలుస్తారా' అని హాస్టల్లో పిల్లలు నవ్విన రోజునే ఆ బ్రాకెట్ నాలో మొదలై ఉంటుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ మాటనే విప్పి చూసుకున్నాను. విడు నుంచి విడుపు. మొదట్లో ఉండే వకారం మా నాలుకల మీద నిలవదు. వినుడు ఇనుడవుతుంది, వేములవాడ ఏములాడ అవుతుంది. ఈ ఊరే పాతకాలంలో లేంబులవాటక. ఇక్కడి రెండో అరికేసరి ఆస్థానంలోనే పంపకవి 941లో విక్రమార్జున విజయం పూర్తి చేశాడు. వెయ్యేళ్లకు పైగా అరుగుతూ, మారుతూ వచ్చిన ఊరిపేరుకు చరిత్ర అంటాం. అట్లాగే అరిగిన ఆడవాళ్ల మాటకు మాత్రం గ్రామ్యమని పేరు పెడతాం.

మరి విడాకు? విడు, ఆకు. ఆ ఆకులో నాకు తాటాకు మీద రాసుకున్న కాలం కనిపిస్తుంది. తర్వాత కాగితం వచ్చింది, పారసీ 'కాగజ్' ఉర్దూలో స్థిరపడి మన నోళ్లకూ అలవాటయింది. మావాళ్లు ఆకు తీసి కాయితం పెట్టుకున్నారు. రెండు మాటల కట్టుబడీ ఒక్కటే. ఆకు దగ్గర ఆగిపోయింది శిష్టమైంది, కాయితం దాకా నడిచి వచ్చింది గ్రామ్యమైంది.

1885 నాటి శబ్దరత్నాకరానికి కావ్యాలు ప్రమాణం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం 1962లో రైతుల మాటలతో మొదలై, 1971లో నేతగాళ్ల మాటల దాకా వచ్చింది. నలిమెల భాస్కర్ తెలంగాణ పదకోశమే కూర్చారు. మగ్గానికీ నాగలికీ దక్కిన గౌరవాన్ని, పంచాయితీలో నిలబడ్డ ఆడమనిషి మాటకు ఇచ్చే అవకాశం నా చేతికి వచ్చినప్పుడు నేను బ్రాకెట్ పెట్టాను.

తెల్లవారి చాయ్ తాగుతూ అవ్వ చెప్పింది. మా అమ్మమ్మది మొదట కోరుట్ల దిక్కు మనువట. దెబ్బలు పడలేక తల్లిగారింటికి వచ్చేసి, కులపెద్దల ముందర ఇడుపు కాయితం తీసుకుందట. ఆ తర్వాత మారుమనువు. అవ్వ పుట్టింది ఆ రెండో ఇంట్లోనే.

"నాకెన్నడు చెప్పకపోతివి?"

"సదువుకున్నదానివి. నీకు నామోషి అయితదనుకున్న."

నేనేమీ అనలేకపోయాను. మా ఇంట్లో మూడు తరాలుగా ఉన్న మాటను నేను పుస్తకాల్లో ఏరుకుని, పట్టికలో ఎక్కించి, డాక్టరేట్ తెచ్చుకున్నాను.

అమ్మమ్మ కాలం గొప్పదని చెప్పబోవడం లేదు. ఆ పెద్దలంతా మగవాళ్లే. కాయితంలో ఏముందో చదవకుండానే ఆమె వేలిముద్ర వేసింది. 1955 హిందూ వివాహ చట్టం, 29(2) సెక్షన్‌లో, ఆచారం ప్రకారం తెగదెంపులు చేసుకునే హక్కును అట్లాగే ఉంచింది. కానీ కోర్టుకెక్కితే ఆ ఆచారం ఉందని రుజువు చేసుకోవాలి. అయినా విడిపోయిన ఆడది మళ్లీ బతకొచ్చని ఒప్పుకున్న లోకం ఒకటి ఉండేది, దానికో మాట ఉండేది. పైగా ఆ మాటలో ఉన్నది విడుపు. పట్టు సడలడం.

"అమ్మమ్మ కాయితం ఏదే?"

"సందుగల ఉంటుండె. చెదలు తిన్నయి. నీదన్న సదువు, ఏం రాసిండ్రో ఇంట."

మెల్లగా తెలుగు చేస్తూ చదివాను. వివాహం రద్దయినట్టు చెప్పే వాక్యం దగ్గర ఆగి, ఒక్క క్షణం వెతుక్కుని, ఇడుపు అన్నాను. అవ్వ చాట ముందుకు లాక్కుంది.

సిద్ధాంతగ్రంథం ఇప్పుడు పుస్తకంగా వస్తోంది. ప్రూఫుల్లో ఆ బ్రాకెట్ కొట్టేశాను.