ఫోను పోతే నంబర్లు ఎక్కడుంటాయి?

కొత్త నంబరు సేవ్ చేసేటప్పుడు ఫోను ఒక మాట అడుగుతుంది చూడండి, సిమ్‌లోనా, ఫోన్లోనా, గూగుల్‌లోనా అని. చాలామంది చదవకుండానే నొక్కేస్తారు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

సిమ్‌లో పెడితే సిమ్‌తోపాటే పోతాయి. అదే నంబరు మీద కొత్త సిమ్ తెచ్చినా అవి రావు. ఫోన్లో పెడితే, ఫోను కాలవలో పడ్డ రోజే బోరు మెకానిక్కూ, కోత మిషన్ డ్రైవరూ, పశువుల డాక్టరూ అందరూ గల్లంతే. గూగుల్‌లో పెడితే మాత్రం కొత్త ఫోన్లో అదే జీమెయిల్ ఐడీ వేయగానే అన్నీ తిరిగొస్తాయి.

మెలికంతా ఆ ఐడీ దగ్గరే. మన ఊళ్లలో సగం మందికి అది చేసిచ్చింది ఫోను అమ్మిన షాపు కుర్రాడు. పాస్‌వర్డ్ ఇప్పుడు అతనికీ గుర్తుండదు. మా బాబాయి ఫోను మార్చినప్పుడు ఇంకో కొత్త ఐడీ వేసిచ్చారు. పాత నంబర్లన్నీ పాత ఐడీలోనే ఉండిపోయాయి. మిర్చి వ్యాపారి దగ్గర్నుంచి డబ్బు రావాలి, నంబరు లేదు. ఆ ఒక్క నంబరు కోసం గుంటూరు యార్డుకి బస్సెక్కాల్సొచ్చింది.

ఇంకోటి. మనం ఎవరికైనా మెయిల్ పంపితే ఆ అడ్రసు దానంతటదే 'అదర్ కాంటాక్ట్స్' అనే వేరే అరలో పడుతుంది. మామూలు పట్టీలో కనపడదు, అక్కడికెళ్లి మనమే సేవ్ చేసుకోవాలి. లేబుళ్లు కూడా ఉన్నాయి. విత్తనాలు, కూలీలు, మార్కెట్ అని పెట్టుకుంటే ఒకే మనిషిని రెండిట్లోనూ చేర్చొచ్చు (మా ముఠా మేస్త్రి ధాన్యం కూడా కొంటాడు లెండి). గూగుల్‌లో ఉన్న నంబరు చెయ్యి తగిలి చెరిగినా 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, మళ్లీ తెచ్చుకోవచ్చు.

పాస్‌వర్డ్ తెలియనివాళ్లు ఫోను పనిచేస్తుండగానే పిల్లల చేత మార్పించండి. కాయితం మీద రాసి పాసుపుస్తకం పక్కన బీరువాలో పెట్టండి.