రేకు పల్చన... లెక్క చిక్కన!

పూతరేకు అనగానే తెలుగువాళ్లకి గుర్తొచ్చే ఊరు ఆత్రేయపురం. ఆ ఊళ్లో రోడ్డు వెంట దుకాణాలూ, ఇళ్లలోని కుండలూ చూస్తే నోరూరుతుంది. కాస్త ఆగి గమనిస్తే మరో సంగతీ తెలుస్తుంది... ఓ చిన్న వ్యాపారం సరైన దారిలో నడుస్తోందా లేదా అన్నది ఎక్కడ చూసి చెప్పాలో!

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం వచ్చి బ్యారేజీ ఎక్కితే ఒకపక్క నిండుగా నిలిచిన గోదావరి, మరోపక్క ఇసుక తిన్నెల మధ్య నుంచి సాగిపోయే గోదావరి. 1852లో కాటన్‌ దొర పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982లో సిద్ధమైంది. అది దాటి బొబ్బర్లంక చేరితే కోనసీమలో అడుగుపెట్టినట్టే. కాలువలు, కాలువ గట్లు, గట్ల పక్కన అరటి, కొబ్బరి తోటలు. ఆ పచ్చదనంలోనే ఉంది ఆత్రేయపురం.

ఊరు దగ్గరపడిందని బోర్డులే చెబుతాయి. నేతి పూతరేకులు, బెల్లం పూతరేకులు, డ్రైఫ్రూట్‌ పూతరేకులు... ఒక దుకాణం పక్కన మరొకటి. ఇక శనివారమైతే చెప్పక్కర్లేదు. ఇదే మండలంలోని వాడపల్లి వేంకటేశ్వరస్వామిని వరసగా ఏడు శనివారాలు దర్శించుకుంటే కోరిక తీరుతుందని భక్తుల నమ్మకం. అందుకే వారం వారం కార్లూ బస్సులూ బారులు తీరతాయి. ర్యాలిలో ఒకే శిలకి ముందువైపు విష్ణుమూర్తిగా, వెనకవైపు మోహినిగా కనిపించే జగన్మోహినీ కేశవస్వామిని చూడ్డానికి వచ్చేవాళ్లు కొందరు. సినిమావాళ్లకి బాగా నచ్చిన లొల్ల లాకుల దగ్గర ఫొటోలు దిగడానికి వచ్చేవాళ్లు ఇంకొందరు. దేనికోసం వచ్చినా తిరిగి వెళ్లేటప్పుడు చేతిలో ఓ పూతరేకుల పెట్టె ఉండాల్సిందే.

మరి ఇంతమంది ఒకే సరుకు అమ్ముతుంటే అందరికీ గిట్టుబాటు అవుతుందా? ఏ దుకాణం పదేళ్ల తర్వాతా ఉంటుంది, ఏది మూతపడుతుంది? బయట ఆగిన కార్లని చూసి చెప్పగలమా?

కుండ మీద కాగితం

లెక్కల్లోకి వెళ్లేముందు అసలు ఆ రేకు ఎలా పుడుతుందో చూడాలి. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలలా పల్చగా కలుపుతారు. ఇందుకు జయ రకం బియ్యం బాగుంటాయని పేరు. అడుగుభాగం వెడల్పుగా, నున్నగా ఉండే కుండని బోర్లించి కింద మంట పెడతారు. ఎండు కొబ్బరాకుల మంట అయితే ఎప్పుడు పెంచాలంటే అప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గాలంటే అప్పుడు తగ్గుతుంది. పల్చని గుడ్డని పిండిలో ముంచి, రెండు చేతులా పట్టుకుని కాలిన కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగేస్తారు. కళ్లు మూసి తెరిచేలోగా పిండి పూత కాస్తా రేకవుతుంది. పూతగా వేసిన రేకు కాబట్టే పూతరేకు.

చూడ్డానికి చాలా తేలిక. చేస్తే తెలుస్తుంది! కుండ కాస్త ఎక్కువ కాలితే రేకు మాడుతుంది, తక్కువ కాలితే ఊడిరాదు. పిండి చిక్కబడితే మందంగా వస్తుంది, మరీ పల్చనైతే చిరుగుతుంది. ఈ కొలతలేవీ పుస్తకంలో ఉండవు. పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్ల చేతుల్లో ఉంటాయి.

తర్వాతి పని మడత. రేకుని తడిగుడ్డతో లేతగా మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో చల్లి, జీడిపప్పు పలుకులు, యాలకుల పొడి వేసి చుడతారు. రేకులు తీసేది ఒక ఇంట్లో, చుట్టి అమ్మేది మరోచోట కావడం ఇక్కడ మామూలే. రేకులు తీసేవాళ్లు లెక్కపెట్టి దుకాణాలకి ఇస్తారు. అంటే పైకి ఒక్కటిగా కనిపించే ఈ వ్యాపారంలో ఉన్నవి రెండు. ఒకటి కుండ దగ్గర, రెండోది గల్లాపెట్టె దగ్గర.

గల్లాపెట్టె మాట నమ్మొచ్చా?

సాయంత్రానికి గల్లాపెట్టె నిండితే వ్యాపారం బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. కానీ అందులో నెయ్యి కొట్టువాడి డబ్బుంది, రేకులు ఇచ్చిన ఆమె డబ్బుంది, బ్యాంకు వాయిదా ఉంది. అవన్నీ పోగా మిగిలిందే దుకాణదారుది.

ఉదాహరణకి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఒక పెట్టె అమ్మకం ధర 200 రూపాయలు. రేకులకి 45, నెయ్యికి 50, బెల్లం, జీడిపప్పులకి 30, చుట్టే కూలి 20, అట్టపెట్టెకి 10. మొత్తం 155. పెట్టెకి మిగిలేది 45 రూపాయలు. దుకాణం అద్దె, కరెంటు, అప్పు వాయిదా కలిపి నెలకి 18 వేలు అనుకుంటే, నెలకి 400 పెట్టెలు అమ్మితేగానీ ఆ ఖర్చులు గట్టెక్కవు. అంటే రోజుకి పదమూడు, పద్నాలుగు పెట్టెలు.

అక్కడితో అయిపోయిందా? లేదు! పొద్దున్నుంచి రాత్రిదాకా దుకాణంలో ఉన్న భార్యాభర్తల కష్టానికి ఎవరూ లెక్క కట్టలేదు. ఇద్దరికీ తలో 12 వేలు వేసుకుంటే నెలకి అమ్మాల్సిన పెట్టెలు 400 నుంచి 934కి చేరతాయి. రోజుకి ముప్పై ఒకటి. ఈ రెండు అంకెల మధ్యే చాలా చిన్న వ్యాపారాలు ఊగిసలాడుతుంటాయి. బయటివాళ్లకి బాగా నడుస్తున్నట్టే కనిపిస్తాయి. నిజానికి ఇంటిల్లిపాదీ జీతం లేకుండా పనిచేయడం వల్లే నడుస్తుంటాయి. ఇంట్లోవాళ్ల కూలి కూడా ఖర్చు కింద రాసుకున్నాక ఇంకా మిగిలితేనే అది లాభం.

మరో తిరకాసు... పెద్ద ఆర్డర్లు. ఏ నగరం నుంచో ఒక మిఠాయి దుకాణంవాళ్లు వెయ్యి పెట్టెలు అడుగుతారు, కానీ 165 రూపాయలకే ఇమ్మంటారు. ఇంటిల్లిపాదికీ పండగే! లెక్క చూస్తే పెట్టెకి మిగిలేది 10 రూపాయలు. పెట్టెకి పట్టే నెయ్యి ఖర్చు మరో 10 పెరిగితే వెయ్యి పెట్టెలూ ఊరికే చేసిచ్చినట్టు. ఆ డబ్బు కూడా నెలన్నర తర్వాత వస్తుందంటే, అందాకా నెయ్యీ జీడిపప్పూ కొనడానికి అప్పు తేవాలి. అమ్మకం పెరిగిన కొద్దీ చేతిలో డబ్బు తగ్గడమనే వింత ఇక్కడే మొదలవుతుంది.

మూఢం పెట్టే పరీక్ష

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో ఏ మిఠాయి దుకాణమైనా కిటకిటలాడుతుంది. హైదరాబాద్‌, బెంగళూరుల నుంచి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు సంచులు నింపుకుంటారు. అమెరికా వెళ్లే సూట్‌కేసుల్లో ఆవకాయ సీసా పక్కన పూతరేకుల పెట్టె ఉంటుంది. పెళ్లిళ్ల రోజుల్లో సరేసరి. ఆషాఢంలో ముహూర్తాలు లేకపోయినా కొత్త అల్లుడింటికి వెళ్లే సారె ఉంటుంది.

వ్యాపారం సత్తా తెలిసేది ఈ రోజుల్లో కాదు. మూఢంలో! పెళ్లిళ్లు ఉండవు. దానికి వానలు కూడా తోడైతే మరీ కష్టం. గాలిలో తేమకి రేకు మెత్తబడి కరకరలాడే గుణం పోతుంది. పొడి రేకుల్ని జాగ్రత్త చేస్తే చాన్నాళ్లుంటాయి గానీ, నెయ్యీ బెల్లం పెట్టి చుట్టాక ఎక్కువ రోజులు ఉంచలేరు. అందుకే తెలివైనవాళ్లు రేకులు ముందే సిద్ధంగా ఉంచుకుని, చుట్టడం మాత్రం ఏ రోజుకారోజు చేస్తారు. పారేసే పెట్టెలు ఎన్ని అన్నది ఆ దుకాణం ఎంత ఒడుపుగా నడుస్తోందో చెప్పేస్తుంది.

2020లో లాక్‌డౌన్‌ వచ్చినప్పుడు గుళ్లూ, పెళ్లిళ్లూ, ప్రయాణాలూ అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. దారిన పోయేవాళ్ల మీదే ఆధారపడితే ఏమవుతుందో చిన్న వ్యాపారులందరికీ అప్పుడు తెలిసొచ్చింది. వాడపల్లి శనివారాలు ఒక ఆధారం, ఫోనులో ఆర్డరిచ్చే పాత ఖాతాదారులు ఒక ఆధారం, పెళ్లిళ్ల వంటవాళ్లు ఒక ఆధారం. ఈ మూడిట్లో ఒకటి పోయినా రెండు మిగిలితే దుకాణం నిలబడుతుంది. అమ్మకంలో ముప్పావు వంతు ఒక్కరి చేతిలోనే ఉంటే అది వ్యాపారం కాదు, జీతం చీటీ లేని ఉద్యోగం!

చాక్లెట్‌, హార్లిక్స్‌, షుగర్‌లెస్‌ అంటూ కొత్త రుచులూ వచ్చాయి. కొత్తదనం మంచిదే. అయితే రకం పెరిగిన ప్రతిసారీ దానికి వేరే సరుకు కొనాలి, డబ్బు అల్మరాలో చిక్కుకుంటుంది. పది రకాలు బోర్డు మీద రాసి, చివరికి అమ్ముడయ్యేవి బెల్లం, పంచదారే అయితే మిగతావన్నీ అలంకారం కిందే లెక్క.

పేరు ఊరందరిదీ

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాటన్‌ దొర పేరు పెట్టుకున్న ఇక్కడి తయారీదారుల సంక్షేమ సంఘమే దీనికి దరఖాస్తు చేసింది. అంతకుముందే తిరుపతి లడ్డుకి 2009లో, బందరు లడ్డుకి 2017లో ఇలాంటి గుర్తింపు దక్కింది. ఎక్కడో తయారుచేసి ఆత్రేయపురం పేరు తగిలించి అమ్మేవాళ్లని ప్రశ్నించే హక్కు దీంతో ఊరికి వచ్చినట్టయింది.

కానీ చట్టప్రకారం గుర్తింపు ఊరి సరుకుకి వస్తుంది. ఒక్కో తయారీదారు విడిగా అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవాలి. గుర్తింపు గడువు పదేళ్లు, ఆ తర్వాత మళ్లీ పొడిగించుకోవాలి. పైగా పేరు కొనేవాణ్ని ఒక్కసారి గుమ్మంలోకి తెస్తుంది, అంతే. రెండోసారి తెచ్చేది రుచే. ఒక దుకాణంలో తెచ్చిన నెయ్యి వాసన బాగోలేకపోతే, ఇంటికెళ్లినవాళ్లు ఆ దుకాణం పేరు చెప్పరు. ఆత్రేయపురం పూతరేకులు ఇదివరకట్లా లేవంటారు. ఒకరు చేసిన పొరపాటుకి ఊరంతా మూల్యం చెల్లించాలన్నమాట. అందుకే ఇక్కడ పక్క దుకాణం పోటీదారే కాదు, ఒకరకంగా భాగస్వామి కూడా.

అసలు లెక్క పొయ్యి దగ్గర

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఒక ప్రశ్న మిగులుతుంది. రేపు రేకు తీసేదెవరు? గంటల తరబడి మంట ముందు కూర్చోవాలి. పొగ కళ్లకి, వేడి ఒంటికి. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి ఉండనే ఉంటాయి. ఎండాకాలంలో ఆ పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, ఆ కష్టమేంటో తెలియడానికి. చదువుకున్న కూతుళ్లూ కోడళ్లూ ఈ పనికి మొగ్గుచూపడం లేదన్న బెంగ ఊళ్లో ఉంది. వాళ్లని తప్పుపట్టడానికీ లేదు. అదే కష్టానికి వేరేచోట నీడపట్టున ఎక్కువ డబ్బొస్తుంటే ఎవరైనా అటే వెళతారు.

పెట్టె ధర పెరిగినప్పుడల్లా నెయ్యి ధర, అద్దె, అట్టపెట్టె ధర గుర్తొస్తాయి. రేకు ధర మాత్రం చివర్న గుర్తొస్తుంది. గల్లాపెట్టె దగ్గర మిగులు పెంచుకోవడానికి అన్నిటికన్నా సులువైన దారి రేకు తీసే ఆమెకి తక్కువ ఇవ్వడమే. ఒక ఏడాది ఆ దారి లాభంగానే కనిపిస్తుంది. ఆమె కుండ పక్కన పెట్టేసిన రోజున దుకాణానికి బోర్డు ఉంటుంది, గుర్తింపు ఉంటుంది, కార్లు కూడా ఆగుతాయి... అమ్మడానికి సరుకే ఉండదు!

కాబట్టి ఆత్రేయపురంలో ఒక దుకాణం సరైన దారిలో ఉందో లేదో చెప్పడానికి నాలుగు ప్రశ్నలు చాలు. ఇంట్లోవాళ్ల కూలి తీసేశాక మిగులుతోందా? మూఢంలో అప్పు చేయకుండా గడుస్తోందా? పోయినేడు కొన్నవాళ్లు ఈ ఏడూ అడుగుతున్నారా? రేకు తీసే ఆమెకి పోయినేటికన్నా నాలుగు రూపాయలు ఎక్కువ అందుతున్నాయా? మొదటి మూడిటికీ అవునని చెప్పి నాలుగోదానికి తలదించుకుంటే ఆ దుకాణం అరువు కాలం మీద నడుస్తున్నట్టే.

మీరు వెళ్లినప్పుడు...

ఆత్రేయపురం చూడాలనుకుంటే రద్దీ లేని మామూలు రోజు ఎంచుకోండి. పొద్దున్నే బయల్దేరితే ధవళేశ్వరంలో కాటన్‌ మ్యూజియం, ర్యాలి, వాడపల్లి గుళ్లు, లొల్ల లాకులు ఒక్కరోజులో చుట్టిరావొచ్చు. పూతరేకులు కొనేటప్పుడు ముందే పేర్చిన పెట్టెలకన్నా ఎదురుగా చుట్టి ఇచ్చేచోట తీసుకోండి. ఎప్పుడు చుట్టారో అడగండి, నెయ్యి వాసన చూడండి. వీలైతే రేకులు తీసే ఇంటికి తీసుకెళ్లమని దుకాణంవాళ్లని అడగండి. ఆ పని ఒక్కసారి కళ్లారా చూస్తే బేరమాడాలని అనిపించదు. ఒక్కో రేకునీ వెలుగుకెత్తి చూడండి. అవతలి మనిషి కనిపించేంత పల్చగా ఉంటే అది మంచి రేకు. ఆ కనిపించే మనిషికి కూడా నాలుగు డబ్బులు మిగిలితే అది మంచి వ్యాపారం!