పెట్టె సామానుకు వచ్చిన అపకీర్తి

లోకమున మనుష్యులకువలెనే వస్తువులకును కీర్త్యపకీర్తులు కలవు. టేకుమంచమునకు కీర్తి కలదు. ఇత్తడి బిందెకు కీర్తి కలదు. అట్టపెట్టెలో పలకలు పలకలుగా వచ్చి, మన యింట మరమేకులతో కూర్చబడి, బల్లయు బీరువాయు నగు చౌక సామానుకు మాత్రము అపకీర్తియే మిగిలినది. "అది వట్టి రంపపుపొట్టు, నాలుగునాళ్ల ముచ్చట" అని కొందరందురు. "అద్దెకొంపల వారి సామాను" అని మరికొందరందురు. మొదటి మాట వస్తువును గూర్చినది. రెండవ మాట మనిషిని గూర్చినది. ఈ రెంటిని కలిపివేయుటచేతనే మనము న్యాయముగా తీర్పు చెప్పలేకున్నామని మా తలంపు. కావున వానిని విడదీసి విచారింతము.

మేము కాపురముండు బంజారా హిల్సున ఈ విచారణకు తగిన సందర్భము నిత్యము కన్నుల యెదుట నున్నది. ఒక వీథిలో విదేశములనుండి తెప్పించిన సోఫాలు అద్దాల వెనుక వెలుగుచుండును. కొండ దిగి కృష్ణానగరము వైపు నడచినచో, సినిమా అవకాశములకై ఊళ్లు విడిచి వచ్చిన యువకులు ముగ్గురు నలుగురు కలిసి ఒక్క గదిలో కాలము గడుపుట కాననగును. 2018వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన స్వీడను దేశమున పుట్టిన ఐకియా సంస్థ భారతదేశములో తన మొదటి దుకాణమును మన హైటెక్ సిటీ యొద్ద తెరచినది. అది పదమూడు ఎకరముల స్థలము. సుమారు నాలుగు లక్షల చదరపుటడుగుల కట్టడము. వేయిమంది కూర్చుండదగిన భోజనశాల. ఆనాటి జనసమ్మర్దమునకు దారులు స్తంభించినవి. కొండమీది కారు వారును, కొండక్రింది బస్సు వారును ఒకే ద్వారమున ప్రవేశించిరి. ఇంటికి వచ్చిన పిదప మాత్రము ఒకరు ఆ సామానును పనిమనిషి గదిలోను, మరొకరు నట్టింటను అమర్చుకొనిరి. అపకీర్తి యెక్కడ పుట్టినదో ఈ యొక్క సంగతి వలననే కొంత తెలియగలదు.

విడిభాగములుగా వచ్చుటయే దోషమని యెంచువారికి మొదట సమాధానము చెప్పవలసియున్నది. 1956లో తన ఉద్యోగి గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనునతడు బల్లను కారులో పట్టించుటకై దాని కాళ్లు ఊడదీయుటతో ఈ పద్ధతి తమకు తట్టినదని ఐకియా వారు చెప్పుకొందురు. కాని పద్ధతి అంతకంటె చాల పాతది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో థోనెట్ అను కర్రపనివాని సంస్థ 1859లో ఒక కుర్చీని వెలువరించెను. ఆవిరితో కర్రను వంచి చేసిన ఆ కుర్చీకి ఆరు కర్రముక్కలు, పది మరమేకులు, రెండు నట్లు మాత్రమే. ఒక ఘనమీటరు పెట్టెలో ముప్పదియారు కుర్చీల భాగములను సర్ది దేశదేశములకు పంపిరి. అది కాఫీ హోటళ్ల సామాన్యపు కుర్చీ. అయినను దానిని హీనమని యెవరును అనలేదు.

అంతదూర మేల? మన నులకమంచము సంగతి యేమి? నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, ఒక నులకచుట్ట. కోళ్ల బెజ్జములలో పట్టెల కుసులను దిగగొట్టి, నులక అల్లి, కాళ్లవైపు త్రాడు లాగి కట్టిన మంచమగును. వదులైననాడు ఇల్లాలే బిగించుకొనును. మా కొండకు పేరిచ్చిన బంజారాలు, అనగా మన లంబాడీలు, ఎద్దుల మందలపై ధాన్యమును ఉప్పును మోయించుచు దేశమెల్ల తిరిగిన వర్తకులు. ఎద్దు వీపున కెక్కని సామాను వారికి సామానే కాదు. విడదీసి మోసి మరల కూర్చుకొనుట మన దేశమున లేని విద్య కాదు, సిగ్గుపడవలసిన విద్యయును కాదు.

ఇక పదార్థమునకు వత్తము. "రంపపుపొట్టు" అను నింద యందు సత్యమున్నది. ఈ చౌక పలకలలో పెక్కు కర్రపొట్టును జిగురుతో కలిపి, వేడిచేసి, ఒత్తిడితో అణచి చేసినవే. దానినే పార్టికల్ బోర్డు అందురు. అయినను పొట్టును జిగురును కలుపుట స్వతః హీనము కాదు. కొండపల్లి బొమ్మకు తలయు చేతులును వేరువేరుగా పునికికర్రతో చెక్కి, చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపిన మక్కుతో అతికింతురు. ఆ బొమ్మను మనము ముద్దుగా కొలువులో నిలుపుదుము. కాని ఆ బొమ్మ నెత్తిన నిఘంటువులు పేర్చము. దాని పాదములను ప్రతిదినము తడిగుడ్డతో తుడువము. పెట్టె సామానుచేత మనము ఈ రెండు పనులును చేయించుచున్నాము.

పార్టికల్ బోర్డునకు ప్రథమ శత్రువు నీరు. పైని అతికిన పొర యున్నంతవరకు అది నిబ్బరముగనే యుండును. అంచులయందో మూలలయందో ఆ పొర లేచిన చాలు, లోని పొట్టు నీటిని పీల్చి ఉబ్బును. ఆరినను మరల పూర్వస్థితికి రాదు. మన యిండ్లలో నేలను నీటితో కడుగుట నిత్యకృత్యము. మా యెదుటి వాటాలో చేతులు కడుగు తొట్టిక్రింద ఇంటి యజమాని బిగింపించిన చిన్న అలమార ఒక్క వానకాలమునకే పూరీవలె పొంగినది. రెండవ శత్రువు బరువు. నిడుపైన పలకమీద ఏండ్లతరబడి పుస్తకములు నిలిపినచో నడుమ క్రుంగును. మూడవది మిక్కిలి విచిత్రము. విడిభాగములుగా వచ్చిన యీ సామాను మరల విడదీయుటకు ఓర్వదు. ఒకసారి మరమేకు ఊడదీసిన బెజ్జము రెండవసారి అంత గట్టిగా పట్టదు. పదునొకండు నెలల కరారునకు ఇండ్లు మారు నగరవాసికి ఇది చిన్న లోపము కాదు. థోనెట్ కుర్చీని, నులకమంచమును ఎన్నిసార్లు విడదీసినను నిలుచుటకు కారణము వానియందు మరమేకును, కుసిని పట్టినది నిజమైన కర్ర యగుటయే.

మరి రెండు సంగతులు పిల్లలుగల గృహస్థులు తెలిసికొనదగినవి. ఈ పలకల జిగురు నుండి ఫార్మాల్డిహైడు అను వాయువు కొంత వెలువడును. అది మనుష్యులకు క్యాన్సరు కలిగింపగలదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధక సంస్థ 2004లో నిర్ణయించినది. తక్కువ వాయువు వెలువరించు పలకలకు ఐరోపాలో ఇ-1 అను తరగతి కలదు; కొనునప్పుడు దానిని అడుగవలెను, క్రొత్త సామాను పెట్టిన గదిలో కిటికీలు తెరచియుంచవలెను. రెండవది, ఎత్తైన సొరుగుల బీరువాను గోడకు బిగింపక విడుచుట. అమెరికాలో సొరుగులు పట్టుకొని యెక్కిన పసివాండ్రమీద బీరువాలు ఒరగి ప్రాణములు తీసినవి. 2016లో ఐకియా వారు ఆ దేశమున సుమారు 2 కోట్ల 90 లక్షల బీరువాలను వెనుకకు పిలువవలసివచ్చెను. గోడకు మేకు కొట్టనీయని ఇంటి యజమానులు ఈ సంగతి నొకసారి చిత్తగింపవలెను. బిడ్డ ప్రాణముకంటె గోడ సున్నము ఎక్కువ కాదుగదా!

ఇన్ని దోషములు చెప్పిన పిదప అపకీర్తి న్యాయమేయని తేల్చవచ్చునా? తొందరపడరాదు. మా ఫిలింనగరమున స్టూడియోలలో రాజమందిరములు ప్లైవుడ్డుతోను, ప్లాస్టరుతోను లేచుచున్నవి. ఆ స్తంభము బోలు. ఆ సింహాసనపు బంగారము రంగు. చిత్రీకరణ ముగిసిన మరునాడు దానిని కూల్చుదురు. దానిని మోసమని యెవరైన నందురా? పదినాళ్లు నిలుచుటకే కట్టినారు, పదినాళ్లు నిలిచినది. వస్తువునకు గడువు తక్కువయగుట దోషము కాదు. గడువు తక్కువయని చెప్పకుండుట దోషము. టేకు రంగు పూసి, టేకు గీతలు అచ్చువేసి, టేకు అనిపించునట్లు అమ్మినపుడే చౌకసామాను అబద్ధమాడుచున్నది. "నేను అయిదేండ్ల బల్లను, నన్ను తడుపకుము" అని ముందే చెప్పిన బల్లయందు ఏ తప్పును లేదు.

ఇక రెండవ మాట: "అద్దెకొంపల వారి సామాను." ఇక్కడ మేము మెత్తగా మాటలాడజాలము. మన వివాహములలో సారె యను నాచారమున్నది. వరకట్నమును 1961లో చట్టము నిషేధించినను, సారె పేరిట మంచము, పరుపు, బీరువా నేటికిని లారీల కెక్కుచున్నవి. మంచము టేకుదేనా, బీరువా యెన్ని తలుపులది అని చుట్టములు లెక్కింతురు. మా యింట వంటపని చూచుకొను నామె కుమార్తె ఒక ఆసుపత్రిలో రసీదులు వ్రాయు ఉద్యోగిని. వరుడు షూటింగులలో దీపములు మోయువాడు. టేకుమంచమునకును బీరువాకును వడ్రంగి చెప్పిన ధరకు తండ్రి వడ్డీకి అప్పు వెదకుచుండగా ఆ పిల్ల, "నాయినా, నీ అప్పుమీద పండుకుంటే నాకు నిద్ర పట్టది" అన్నది. దంపతులిద్దరును తమ జీతములలో మిగిలిన దానితో ఇనుపచట్టపు మంచమును, చిన్న బీరువాను, మడతబల్లను పెట్టెలలో తెచ్చుకొనిరి. భర్త రాత్రి షూటింగునకు పోయియుండగా, ఆరుపలకల తాళపుచెవి వంటి చిన్న పనిముట్టుతో ఆమెయే కాగితములోని బొమ్మలు చూచి బీరువాను నిలువబెట్టినది. ఉలియు సుత్తియు ఆడువారి చేతికి పనికిరావని మన పెద్దలు నిర్ణయించియుండిరి. ఆ నిర్ణయము ఒక రాత్రిలో ఆ గదిలో రద్దయినది. మరునాడు అత్తవైపు చుట్టము వచ్చి, "మా యింటికి అట్టపెట్టెలే వచ్చినవి" అని మూతి విరిచెనట. ఆ విరుపు బీరువాను చూచి కాదు, అప్పు చేయని తండ్రిని చూచి. చౌక సామానుమీద మనము వేయు నిందలలో ఇట్టి దెంత కలిసియున్నదో మన మెవరికి వారము పరీక్షించుకొనవలెను.

వడ్రంగి గతి యేమని యడుగువారును కలరు. ఆ ప్రశ్న గౌరవింపదగినది. చేవగల కర్రతో చేసిన కుర్చీ విరిగినచో వడ్రంగి క్రొత్త కుసి వేయును. అది తాతనుండి మనుమనికి వచ్చును. పొట్టుపలక విరిగినచో బాగుచేయుట కష్టము; జిగురు కలిసియుండుటచే వంటచెరకుగా వాడుటయు క్షేమము కాదు. అయిదేండ్లకొకసారి మూడు బీరువాలు పారవేయువాడు తుదకు ఒక మంచి బీరువాకంటె ఎక్కువ వ్యయము చేసినవాడగును. కాని మొదటి బీరువానాటికి అతని చేత ఉన్న దెంత? టేకునకు చేవ పట్టుటకు అనేక దశాబ్దములు కావలెను; పేదవాని అవసరము రేపటిది. శక్తి కలిగిననాడు వడ్రంగియొద్దకు పోవుడనుట ధర్మము. శక్తి లేనినాడు నేలమీద కూర్చుండుడు, లేదా అప్పు చేయుడనుట ధర్మము కాదు.

కావున మా తీర్పిది. నీరు తగులుచోట, నిత్యము విడదీసి మోయుచోట, తరములు నిలువవలెనను చోట ఈ సామానునకు వచ్చిన అపకీర్తి న్యాయమే. పొడిగదిలో చదువుకొను బల్లకు, తేలికపాటి అలమారకు, క్రొత్తకాపురపు మొదటి యేండ్లకు అది న్యాయము కాదు. అమ్మువారు పదార్థమేదో, ఎంత బరువోర్చునో, ఎన్నాళ్లుండునో పెట్టెమీదనే తెలుగున అచ్చువేయవలెను. కొనువారు అది చదివి కొనవలెను. చూడవచ్చిన చుట్టములు మాత్రము బీరువా తలుపు తట్టిచూచుట మాని, ఆ యింట అప్పు లేదుగదాయని సంతోషించి, ఇచ్చిన కాఫీ త్రాగి వెళ్లవలెను.